దెబ్బ ఎవరికి? నవ్వు ఎవరికి?

ఆదివారం మధ్యాహ్నం కోడికూర భోజనం అయ్యాక మన హాస్టల్ భోజనాల హాల్లో టీవీ పెట్టేవాళ్ళు. ఈ సంచిక చదువుతున్న పాత విద్యార్థులకి ఆ టీవీ గుర్తుండే ఉంటుంది. బొమ్మ వస్తే మాట వచ్చేది కాదు, మాట వస్తే బొమ్మ వణికేది. మేము ఏడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం మాట పూర్తిగా పోయింది. సీనియర్ అన్నలు ఎక్కడి నుంచో చార్లీ చాప్లిన్ సినిమాల సీడీ తెచ్చి పెట్టారు. మాట లేకపోయినా నష్టం లేని సినిమాలు అవే గదా! మూడో తరగతి తమ్ముళ్ళ దగ్గర్నుంచి టెన్త్ అన్నల దాకా పడీ పడీ నవ్వాం. గిన్నెలు తోముతున్న కామాటి తాత చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చాప్లిన్ పోలీసాయన్ని వెనక నుంచి తన్ని పారిపోయినప్పుడల్లా "వానికి అట్లే కావాల" అన్నాడు. తాతకి ఇంగ్లీషు రాదు, తెలుగు చదవడమూ రాదు. ఆ సినిమాకి అవేవీ అక్కర్లేదు.

అదే మా బ్యాచ్ డిగ్రీలో చేరాక ఇంకోసారి కూడా అంతగా నవ్వింది. కాలేజీ వార్షికోత్సవంలో ఒక స్కిట్ వేశారు. ఊరి పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, ఇంట్లో జీతగాడు. జీతగాడి వేషం మనతో పాటు హాస్టల్లో చదివిన మా మిత్రుడికి ఇచ్చారు. స్కిట్ రాసినవాళ్ళు "నీకైతే మేకప్ కూడా అక్కర్లేదురా" అన్నారు. అక్కర్లేదంటూనే పెనం అడుగున మసి తీసి ముఖానికి పూశారు. పది నిమిషాల స్కిట్‌లో వాడు పదకొండు చెంపదెబ్బలు తిన్నాడు. లెక్కపెట్టింది మేమే. ఒక్కో దెబ్బకీ ఈల వేసిందీ మేమే. స్కిట్‌కి మొదటి బహుమతి వచ్చింది. ఆ రాత్రి వాడు కుళాయి దగ్గర కూర్చుని సబ్బు అరగదీస్తూనే ఉన్నాడు. చెవుల వెనక మసి ఎంతకీ పోలేదు. "అది మసి కాదురా, ఒరిజినల్" అన్నారు మాలో ఒకరు. మళ్ళీ నవ్వాం. వాడు నవ్వలేదు. నాలుగు రోజులు మాతో మాట్లాడలేదు.

ఆ రెండు నవ్వులకీ తేడా ఏమిటో అప్పుడు మాకు తెలియలేదు. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం మేమే మొదటివాళ్ళం. ఇట్లాంటివి అడుగుదామంటే ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. పీజీలో సినిమా చరిత్ర మీద ఒక పేపరు ఉండడం వల్ల వందేళ్ళ నాటి మూకీ హాస్య చిత్రాలు వరసగా చూడాల్సి వచ్చింది. పరీక్ష కోసం మొదలుపెట్టాం గానీ, చూస్తూ చూస్తూ ఉంటే ఆ కుళాయి దగ్గరి రాత్రే మాటిమాటికీ గుర్తొచ్చింది. తమ్ముళ్ళకి ఆ సంగతులు చెబుదామని ఈ వ్యాసం.

ముందు మాట అర్థం చూద్దాం. కింద పడడం, తన్నుకోవడం, ముఖాన కేకులు విసురుకోవడం, పోలీసులు ఒకరి మీద ఒకరు పడుతూ పరిగెత్తడం, ఈ తరహా హాస్యాన్ని "స్లాప్‌స్టిక్" అంటారు. పాతకాలపు ఇటలీ నాటకాల్లో విదూషకుడి చేతిలో ఒక కర్ర ఉండేది. రెండు పలచని చెక్కపేళ్ళని ఒకచోట కట్టి చేసేవాళ్ళు. దానితో కొడితే చప్పుడు పెద్దగా వస్తుంది, దెబ్బ మాత్రం తగలదు. ఆ కర్ర పేరే ఈ హాస్యానికి వచ్చింది. మనకి కొత్త కాదిది. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెలుసు. రామాయణం నడుస్తూ నడుస్తూ ఉండగా వీళ్ళు మధ్యలో దూరి ఒకర్నొకరు బాదుకుంటారు. అప్పటిదాకా నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చుంటారు.

సినిమా పుట్టగానే ఈ హాస్యం అందులోకి వచ్చేసింది. 1895లో ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు తీసిన తొలి చిత్రాల్లోనే ఒకటుంది. తోటమాలి మొక్కలకి నీళ్ళు పడుతుంటే ఒక కుర్రాడు వెనక నుంచి గొట్టం తొక్కుతాడు. నీళ్ళు ఎందుకు ఆగాయా అని తోటమాలి గొట్టంలోకి తొంగిచూడగానే వాడు కాలు తీసేస్తాడు. నిమిషం కూడా లేని సినిమా. తర్వాత అమెరికాలో 1912లో మాక్ సెన్నెట్ అనే ఆయన కీస్టోన్ స్టూడియో పెట్టి ఈ హాస్యాన్ని వారం వారం తయారయ్యే సరుకుగా మార్చాడు. చాప్లిన్ సినిమాల్లోకి వచ్చింది ఆ స్టూడియో ద్వారానే, 1914లో.

ఈ హాస్యానికి ఒక లోపలి సూత్రం ఉంది. దాన్ని మాకు తెలిసినంతలో అందరికంటే సూటిగా చెప్పింది చాప్లినే. 1918లో ఒక అమెరికన్ పత్రికలో జనం దేనికి నవ్వుతారో వివరిస్తూ ఆయన ఒక వ్యాసం రాశాడు. "ది అడ్వెంచరర్" అనే తన సినిమాలో మేడమీది నుంచి ఐస్‌క్రీం ముద్ద జారి కింద కూర్చున్న ఒక గొప్పింటి ఆవిడ వీపులోకి పోతుంది. జనం విరగబడి నవ్వారు. అదే ఐస్‌క్రీం ఇళ్ళు కడిగే పేద ఆడమనిషి మీద పడి ఉంటే నవ్వు రాదు, జాలి వస్తుందని ఆయన వివరించాడు. హోదా ఉన్నవాళ్ళకి పోయేదుంది, అది పోతుంటే చూడ్డం బాగుంటుంది. లోకంలో ఎక్కువమంది పేదవాళ్ళే, గొప్పవాళ్ళు బోర్లాపడితే వాళ్ళకి లోపల సంతోషం. కామాటి తాత "అట్లే కావాల" అన్నది ఈ లెక్కనే.

చాప్లిన్‌కి ఇది పుస్తకాల్లోంచి వచ్చిన తెలివి కాదు. ఆయన 1889లో లండన్‌లో పుట్టాడు. తండ్రి తాగుబోతు, తల్లికి మతి స్థిమితం తప్పేది. 1896లో, ఏడేళ్ళ వయసులో, తల్లితో అన్నతో కలిసి లాంబెత్‌లోని అనాథ పేదల గృహంలో చేరాడు. అక్కడి నుంచి పేదపిల్లలు ఉండి చదువుకునే హాన్వెల్ బడికి పంపారు. అక్కడ గజ్జి తామర పట్టిన పిల్లలకి గుండు గీసి, అయొడిన్ రాసి విడిగా ఉంచేవాళ్ళు. చాప్లిన్‌కీ అది తప్పలేదు. మన హాస్టల్‌ని దానితో పోల్చడం లేదు గానీ, గుండు గీయించుకుని అందరిలోంచి వేరుగా కూర్చోవడం ఎట్లా ఉంటుందో మనలో కొందరికి తెలుసు. 1917లో ఆయన తీసిన "ది ఇమిగ్రెంట్" చూడండి. ఓడలో అమెరికా చేరిన పేదలకి స్వేచ్ఛా విగ్రహం కనిపిస్తుంది. కళ్ళు విప్పార్చి చూస్తుండగానే అధికారులు వాళ్ళందరినీ పశువుల్లాగా తాడు కట్టి ఒక పక్కకి నెడతారు. చాప్లిన్ అటూ ఇటూ చూసి అధికారిని వెనక నుంచి తంతాడు.

ఇంతవరకు బాగుంది. కానీ చాప్లిన్ చెప్పిన ఆ సూత్రం ఒకచోట పనిచేయలేదు. పేదమనిషి పడితే జాలి కలుగుతుందన్నాడు గదా. ఆ పేదమనిషి నల్లజాతి మనిషైతే? అప్పటి అమెరికా తెరమీద జాలి లేదు. పడేకొద్దీ నవ్వే. బానిసత్వం 1865లో చట్టప్రకారం పోయింది గానీ, 1896లో అక్కడి సుప్రీం కోర్టు నల్లవాళ్ళనీ తెల్లవాళ్ళనీ వేరు వేరు రైలు పెట్టెల్లో కూర్చోబెట్టడం న్యాయమేనని తీర్పు చెప్పింది. సినిమా పుట్టి అప్పటికి ఏడాది. ఆ వేరు పెట్టెల సమాజంలోనే అది పెరిగింది.

నల్లవాళ్ళ వేషాలు నల్లవాళ్ళకి ఇచ్చేవాళ్ళు కూడా కాదు. 1830ల నుంచే అమెరికా నాటకాల్లో తెల్లవాళ్ళు సీసా బిరడా కాల్చిన మసి ముఖానికి పూసుకుని, పెదాలు పెద్దవిగా దిద్దుకుని, నల్లవాళ్ళలాగా నడుస్తూ నత్తిగా మాట్లాడుతూ నవ్వించేవాళ్ళు. దీన్ని "బ్లాక్‌ఫేస్" అంటారు. సోమరితనం, కోడి దొంగతనం, పుచ్చకాయ కనిపిస్తే ఒళ్ళు మర్చిపోవడం, దయ్యమంటే వణకడం, ఇవన్నీ ఆ వేషంతో పాటు వచ్చే లక్షణాలు. ఆ మసి పెనం అడుగుదా, బిరడాదా అన్నదే మాకు తెలిసిన దానికీ దీనికీ తేడా.

ఇట్లాంటి రోజుల్లో 1907లో ఎడిసన్ కంపెనీ "లాఫింగ్ గ్యాస్" అనే సినిమా విడుదల చేసింది. ఎడ్విన్ పోర్టర్ తీసినది. ఇది మాత్రం మీరు దొరికితే తప్పక చూడాలి, పది నిమిషాలు కూడా ఉండదు. మాండీ అనే నల్లజాతి ఆవిడకి పన్నునొప్పి. ముఖానికి గుడ్డ కట్టుకుని డాక్టరు దగ్గరికి పోతుంది. మత్తు కోసం ఇచ్చిన గ్యాసుకి నవ్వు మొదలవుతుంది. పన్ను పీకాక కూడా ఆగదు. ట్రాము ఎక్కుతుంది, పక్కనున్న తెల్లవాళ్ళ మీద పడి నవ్వుతుంది, వాళ్ళూ నవ్వడం మొదలుపెడతారు. పోలీసులు పట్టుకుంటారు, వాళ్ళకీ నవ్వు అంటుకుంటుంది. కోర్టుకి తీసుకుపోతారు, జడ్జీ నవ్వుతాడు. పనిచేసే ఇంట్లో భోజనం వడ్డిస్తూ దొరల మీద ఒలకబోస్తుంది. చివరికి ప్రార్థన మందిరంలో కూడా అంతే. ఆఖరి దృశ్యంలో ఆమె ముఖం ఒక్కటే తెరంతా నిండి, నవ్వుతూ ఉంటుంది.

ఈ వేషం వేసింది నిజంగా నల్లజాతి స్త్రీ. పేరు బెర్తా రెగస్టస్. మసి లేదు. మేము ఈ సినిమా మూడుసార్లు చూశాం. మొదటిసారి ఆమెతో పాటు నవ్వాం. రెండోసారి అనుమానం వచ్చింది. నల్లవాళ్ళు ఎప్పుడూ కారణం లేకుండా ఇకిలిస్తారని చెప్పే పాత ఎగతాళే గదా ఇది? మూడోసారి ఆ ట్రాము దృశ్యం దగ్గర ఆగిపోయాం. వేరుగా కూర్చోబెట్టడం న్యాయమని తీర్పు వచ్చి పదకొండేళ్ళు. అట్లాంటిది ఆమె తెల్లవాళ్ళ ఒళ్ళో పడి నవ్వుతోంది. పోలీసు, జడ్జి, యజమాని, ఎవ్వరూ ఆమెని ఏమీ చేయలేకపోతున్నారు. తీసినవాళ్ళ ఉద్దేశం ఎగతాళే అయి ఉండవచ్చు. కానీ ఆ నటి ఉద్దేశం వేరని ఆ ఆఖరి ముఖం చూస్తే మాకు అనిపిస్తుంది.

సినిమా కంటే ముందే ఈ దెబ్బల లెక్క సర్కస్‌లో ఉండేది. పారిస్‌లో రఫాయెల్ పడియా అనే నల్లజాతి విదూషకుడు ఉండేవాడు. క్యూబాలో బానిసగా పుట్టినవాడు. రంగస్థలం మీద పేరు "షొకొలా", అంటే చాక్లెట్. ఫుటిట్ అనే తెల్ల విదూషకుడు యజమానిలాగా కొట్టడం, షొకొలా తినడం, ఇదీ వాళ్ళ జోడీ. 1900 ప్రాంతంలో వాళ్ళ ఆటలు కొన్ని సినిమాగా కూడా తీశారు. ఫ్రెంచి భాషలో ఈయన పేరు ఒక నుడికారం అయిపోయింది. "షొకొలా అయ్యాను" అంటే మోసపోయాను, నష్టపోయాను అని. 1917లో పేదరికంలోనే చనిపోయాడు. మనిషి పేరు మోసపోవడానికి మారుపేరు కావడం కంటే పెద్ద దెబ్బ ఏ కర్రతో కొట్టినా తగలదేమో.

ఇక అసలు మేము చెప్పాలనుకున్న మనిషి బెర్ట్ విలియమ్స్. 1874లో బహామా దీవుల్లోని నసావులో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చాడు. జార్జి వాకర్ అనే మిత్రుడితో కలిసి నాటకాలు వేశాడు. 1903లో వీళ్ళ "ఇన్ డహోమీ" న్యూయార్క్ బ్రాడ్‌వే దాకా వెళ్ళింది. రాసినదీ ఆడినదీ నల్లవాళ్ళే. 1910లో తెల్లనటులతో నిండిన జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ అనే పెద్ద ప్రదర్శనలో ముఖ్య నటుల్లో ఒకడుగా చేరాడు. విలియమ్స్ ఛాయ తక్కువ నలుపు. అందువల్ల వేషం వేసేటప్పుడు ఆయనే తన ముఖానికి బిరడా మసి పూసుకోవలసి వచ్చేది! నల్లవాడు నల్లవాడుగా కనిపించడానికి నల్లరంగు పూసుకోవడం. మా మిత్రుడికి "మేకప్ అక్కర్లేదు" అని చెప్పి మసి పూసినవాళ్ళకి ఈ సంగతి తెలిసి ఉండదు. తెలిసినా పూసేవాళ్ళే అనుకోండి.

1916లో ఆయన బయోగ్రాఫ్ కంపెనీకి "ఎ నేచురల్ బార్న్ గాంబ్లర్" అనే చిన్న సినిమా తీశాడు. కథలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు, పేకాట ఆడి జైలుకి పోయే కథ, ఆ పాత ఎగతాళి సరుకే. కానీ ఆఖర్న జైలు గదిలో ఒంటరిగా కూర్చుని పేకలు లేకుండానే పేకాట ఆడతాడు. పేకలు కలుపుతాడు, పంచుతాడు, తన ముక్కలు చూసుకుని లోపల సంతోషపడతాడు, అవతలివాడి ముఖం చదువుతాడు. అవతల ఎవరూ లేరు. అయినా ఓడిపోతాడు. చేతుల్లో ఒక్క ముక్క లేకుండా ప్రతి ముక్కా మనకి కనిపించేట్టు చేస్తాడు. ఆ నిమిషంలో మసి ఎక్కడికి పోయిందో తెలియదు. చాప్లిన్‌కి ఏమాత్రం తీసిపోని నటుడని మేము నమ్ముతున్నాం. తేడా ఎక్కడంటే, చాప్లిన్‌కి తన్నే అవకాశం ఉంది. విలియమ్స్‌కి ఏ సినిమాలోనైనా పోలీసుని తన్నే దృశ్యం రాసిచ్చి ఉంటే ఆ సినిమాని ఎన్ని ఊళ్ళల్లో ఆడనిచ్చేవాళ్ళు?

1922లో ఆయన డెట్రాయిట్‌లో ఒక ప్రదర్శన మధ్యలో కుప్పకూలాడు. జబ్బు. జనం అది కూడా హాస్యమే అనుకుని నవ్వారని చెబుతారు. కొద్దిరోజులకే న్యూయార్క్‌లో చనిపోయాడు. నలభై ఏడేళ్ళు.

దీనికి ఒక వెనక కథ ఉంది. 1913లో విలియమ్స్ ముఖ్యపాత్రగా, నల్లజాతి నటీనటులు పదులకొద్దీ ఉన్న ఒక పెద్ద హాస్య చిత్రం తీశారు. షూటింగ్ జరిగింది గానీ సినిమా పూర్తిచేయలేదు, విడుదల చేయలేదు. బయోగ్రాఫ్ కంపెనీ మూతపడ్డాక దాని పాత నెగటివ్‌లు 1939లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం చేతికి వచ్చాయి. వాటిలో పేరు లేని ఏడు రీళ్ళు ఉన్నాయి. మ్యూజియంవాళ్ళు వాటిని ఏళ్ళ తరబడి పరిశీలించి, నటుల్ని గుర్తుపట్టి, దృశ్యాలు వరసలో పెట్టి 2014లో ప్రదర్శించారు. "లైమ్ కిల్న్ క్లబ్ ఫీల్డ్ డే" అని పేరు పెట్టారు. తీసిన నూటొక్క ఏళ్ళకి!

అందులో ఏముందంటే, ఊళ్ళో అందమైన అమ్మాయి కోసం పోటీపడే మగవాళ్ళ కథ. ఆ అమ్మాయి ఒడెస్సా వారెన్ గ్రే. విలియమ్స్ ఒక్కడి ముఖానికే మసి. మిగతావాళ్ళందరూ మంచి బట్టలు వేసుకుని తమ ముఖాలతోనే ఉన్నారు. జాతర, రంగులరాట్నం, కేక్‌వాక్ అనే నాట్యం. విలియమ్స్ పడతాడు, లేస్తాడు, కానీ ఎవరి ఇంట్లోనూ జీతగాడు కాడు. సినిమా పూర్తి కాలేదు కాబట్టి షాటుకీ షాటుకీ మధ్య ముక్కలు కూడా మిగిలాయి. దర్శకుడు ఆగమన్నాక నటులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, బట్టలు సర్దుకోవడం, ఊరికే నవ్వుకోవడం కనిపిస్తుంది. 1913లో నల్లజాతి మనుషులు ఎవర్నీ నవ్వించే పని లేకుండా తమకోసం నవ్వుకుంటున్న ముక్కలవి. ఆ ముక్కల కోసమైనా ఆ సినిమా చూడాలి.

మసి లేకుండా నల్లవాళ్ళతో హాస్యం తీసినవాళ్ళు వేరేగా ఉన్నారు. 1912లో ఆలిస్ గీ-బ్లాషే "ఎ ఫూల్ అండ్ హిజ్ మనీ" తీసింది. ప్రపంచంలో సినిమా తీసిన తొలి మహిళల్లో ఆమెదే మొదటి పేరు, న్యూజెర్సీలో సొంత స్టూడియో ఉండేది. తెల్లనటులు నల్లవాళ్ళ పక్కన నటించం అనేసరికి, అయితే అందరూ నల్లవాళ్ళే ఉండనీ అని తీసిందట. మంచి పనే. అయితే కథేమిటి? పేదవాడికి దారిలో డబ్బు దొరుకుతుంది, సూటు బూటు వేస్తాడు, పేకాటలో అంతా పోగొట్టుకుంటాడు. పేరులోనే మూర్ఖుడని ఉంది. ముఖాలు మారాయి, కథ రాసే చెయ్యి మారలేదు.

చెయ్యి కూడా మారాలన్న పట్టుదల చికాగోలో విలియం ఫాస్టర్‌ది. నాటకరంగంలో పనిచేసిన నల్లజాతి మనిషి, సొంతంగా కంపెనీ పెట్టి 1913 నాటికే "ది రైల్‌రోడ్ పోర్టర్" అనే హాస్య చిత్రం తీశాడు. రైల్లో పనిచేసే భర్త, హోటలు సర్వరు గొప్పవాడిలాగా వేషం వేసి ఆయన భార్యకి దగ్గరవడం, చివరికి పరుగో పరుగు. తన్నేదీ తన్నించుకునేదీ ఇద్దరూ నల్లవాళ్ళే, ఇద్దరూ ఉద్యోగస్థులే. కోడి దొంగలు ఎవరూ లేరు. ఈ సినిమా ఇప్పుడు ఎక్కడా లేదు, పోయింది.

అదే చికాగోలో ఎబొనీ ఫిల్మ్ అని ఇంకో కంపెనీ వచ్చింది. నటులందరూ నల్లవాళ్ళు, పెట్టుబడి తెల్లవాళ్ళది. నల్లవాళ్ళ పత్రిక "చికాగో డిఫెండర్" వీళ్ళ సినిమాలు జాతిని అవమానిస్తున్నాయని విరుచుకుపడింది. కంపెనీ నడిపే నల్లజాతి మేనేజరు లూథర్ పొలార్డ్ మాత్రం, పుచ్చకాయలూ కోడి దొంగతనాలూ లేకుండా మనవాళ్ళు మంచి హాస్యం చేయగలరని చూపించడమే మా ఉద్దేశం అని రాసుకున్నాడు. ఎవరి మాట నిజం? మిగిలిన సినిమాలు చూస్తే ఇద్దరిదీ కొంత కొంత నిజమే. 1919కల్లా కంపెనీ మూతపడింది. మనలో కూడా ఈ తగువు ఉంది. ఆ స్కిట్ తర్వాత మాలోనే కొందరు "వేషం రావడమే గొప్ప, స్టేజీ ఎక్కాడు గదా" అన్నారు.

ఆడవాళ్ళ సంగతి కొద్దిగా చెప్పి ముందుకి పోదాం. నిజానికి అది వేరే వ్యాసం రాయాలి, మన బాలికల హాస్టల్ చెల్లెళ్ళు ఎవరైనా రాస్తే బాగుంటుంది. కీస్టోన్‌లో మేబెల్ నార్మండ్ అనే నటి పడడం, దూకడం, కేకులు విసరడంలో మగవాళ్ళకి తీసిపోయేది కాదు. 1914 నుంచి దర్శకత్వం కూడా చేసింది. చాప్లిన్ ఆ టోపీ, కర్ర, వదులు ప్యాంటు వేషం మొదట వేసుకున్నది ఆమె తీసిన సినిమా కోసమే. మరి చాప్లిన్ ఏం చేశాడు? "మేబెల్ ఎట్ ది వీల్" షూటింగులో ఆమె చెప్పినట్టు చేయనని మొండికేసి రోడ్డు పక్కన కూర్చున్నాడు. పేదపిల్లల బడిలో గుండు గీయించుకున్నవాడికి కూడా ఒక ఆడపిల్ల మాట వినడం కష్టమైంది. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు, అంతవరకు మెచ్చుకోవాలి.

చాప్లిన్ మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. 1919లో తీసిన "ఎ డేస్ ప్లెజర్"లో పడవ మీద బ్యాండు వాయించే నల్లజాతి మనిషికి కడుపులో తిప్పి ముఖం తెల్లగా పాలిపోతుంది. అదే నవ్వు. బస్టర్ కీటన్ ఇంకా ముందుకి పోయాడు. 1927 నాటి "కాలేజ్" సినిమాలో పేద విద్యార్థి చదువు ఖర్చుల కోసం నల్లవాళ్ళని మాత్రమే తీసుకునే హోటల్లో ముఖానికి మసి పూసుకుని సర్వరుగా చేరతాడు. రంగు వదిలేసరికి వంటగదిలోని అసలు నల్లవాళ్ళు తరుముతారు. కీటన్ అంటే మాకు చాలా ఇష్టం. అయినా చదువు కోసం కష్టపడే విద్యార్థి కథ అని ఉత్సాహంగా చూడ్డం మొదలుపెట్టిన మాకు ఆ దృశ్యం దగ్గర గొంతులో ఏదో అడ్డం పడింది.

పిల్లల సినిమాల్లో పరిస్థితి కాస్త మెరుగు. 1922లో హాల్ రోచ్ స్టూడియో "అవర్ గ్యాంగ్" అనే చిన్న సినిమాల వరస మొదలుపెట్టింది. వీధిపిల్లల గుంపు, అందులో తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసి ఆడతారు, కలిసి అల్లరి చేస్తారు, కలిసి దెబ్బలు తింటారు. మొదట ఎర్నీ మోరిసన్ అనే కుర్రాడు, తర్వాత "ఫరీనా" వేషం వేసిన అలెన్ హాస్కిన్స్ జనానికి బాగా దగ్గరయ్యారు. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో ఒకే బెంచీ మీద కూర్చోకూడని పిల్లలు తెరమీద ఒకే బండి ఎక్కి దొర్లారు. దయ్యం చూసి జుట్టు నిక్కబొడుచుకునే పని, మాసిన గుడ్డలు, పుచ్చకాయ మాత్రం నల్లపిల్లల వంతుకే ఎక్కువ వచ్చాయి. పెద్దయ్యాక మోరిసన్, అక్కడ మమ్మల్ని తక్కువగా చూడలేదు అనే చెప్పాడు. నటన మానేశాక హాస్కిన్స్ వికలాంగులకి తోడ్పడే సంస్థల్లో పనిచేశాడు.

ఈ సినిమాల్లో చాలామటుకు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి. భాషతో పనిలేదు. స్టడీ అవర్ పోగొట్టుకోకుండా ఆదివారం చూడండి. చూసేటప్పుడు మా మిత్రుడి స్కిట్‌కి మేము చేసినట్టు దెబ్బలు లెక్కపెట్టండి. తినేవాడికి తిరిగి కొట్టే వంతు వచ్చిందా లేదా అన్నది కూడా లెక్కలో వేసుకోండి. మేము ఆ రోజు ఆ రెండోది వేయలేదు. వాడికి పదకొండు, పెద్దాయనకి సున్నా.

మొన్న ఈ వ్యాసం రాసేముందు వాడికి ఫోన్ చేశాం. ఆ స్కిట్ గురించి రాస్తామురా, పేరు పెట్టములే అన్నాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత విలియమ్స్ గురించి చెప్పమన్నాడు. మసి సంగతి, పేకాట సంగతి, డెట్రాయిట్ సంగతి, ఏడు రీళ్ళ సంగతి అన్నీ చెప్పాం. అంతా విని ఒకటే అడిగాడు.

"ఇంతకీ ఆ అమ్మాయి ఆయనకి దక్కిందా?"

దక్కిందిరా, చివర్లో ముద్దు కూడా పెట్టుకుంటారు అని చెప్పాం. లింక్ పంపమన్నాడు.